చెదల మందు కొట్టించినా మళ్ళీ వస్తున్నాయా? పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిచే ముందు

వచ్చినవాడు టార్చిలైటు తీయకుండా, ద్వారబంధాన్ని ఒక్కసారైనా తట్టి చూడకుండా, “ఎన్ని బెడ్రూములు?” అని అడిగి రేటు చెప్పాడంటే అతన్ని వద్దనడానికి అదొక్కటే చాలు. చెదల మందు బెడ్రూముల లెక్కన పట్టదు, గోడ పొడవు లెక్కన పడుతుంది. బొద్దింకలకైతే మందు వేరు, పద్ధతే వేరు. ముందు ఇంట్లో ఉన్నది ఏ పురుగో తేలాలి.

గోడ మీద మట్టి గీత

పెన్సిల్ లావు మట్టి దారి గోడ మూల నుంచి పైకి పోతూ కనిపిస్తే అది నేల చెద. వెంటనే చీపురుతో దులిపేయకండి. మధ్యలో అంగుళం మేర గోటితో గిల్లి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో తడిమట్టితో మళ్ళీ పూడిందంటే దారి నడుస్తోంది. పూడకపోతే చెద ఆ దారి వదిలేసి ఉండొచ్చు, అప్పుడు పక్క గోడలూ, ద్వారబంధాల అడుగులూ, అలమారు వెనకా వెతకాలి.

కారణం గోడలో ఉండదు, నేల కింద ఉంటుంది. కొత్త ఇళ్ళలో చాలాసార్లు దొరికేది, బేస్‌మెంట్ నింపేటప్పుడు మట్టిలో వదిలేసిన సెంట్రింగ్ చెక్క ముక్కలు. పాత ఇళ్ళలో లీకయ్యే బాత్రూము పైపు, గోడకు ఆనించి పేర్చిన కట్టెలు, నేల మీదే ఉంచిన అట్టపెట్టెలు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ తడి ఆరకముందే గోడలు చూసుకోవాలి.

గీత మీద కిరసనాయిలు పోసినా, పైపైన స్ప్రే కొట్టినా పైకి వచ్చిన చెదలే చస్తాయి. పుట్ట అలాగే ఉంటుంది, ఇంకో సందులోంచి వస్తాయి. మందు గోడ కింది మట్టిలోకి చేరాలి. కట్టిన ఇళ్ళకు భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెప్పే పద్ధతి ఇది: గోడా నేలా కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఒక్కోదానిలో మట్టి ఇక పీల్చుకోనంత దాకా, గరిష్ఠంగా లీటరు మందు నీళ్ళు.

ఇక్కడే లెక్క అడగండి. గోడ వెంబడి 150 అడుగులుంటే 150 రంధ్రాలు, 150 లీటర్ల దాకా మందు నీళ్ళు. చెదల మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ (డబ్బా మీద ఉండే ఈ అంకె మందు శాతం) అయితే లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్లు, అంటే మొత్తానికి 315 మిల్లీలీటర్లు. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అయితే ఒక లీటరు మందుకు 19 లీటర్ల నీళ్ళు. వీపున 16 లీటర్ల స్ప్రేయర్ ఒక్కటి తగిలించుకొచ్చి గంటలో ముగించి వెళ్ళారంటే మందు ఎక్కడ పడిందో మీకే అర్థమవుతుంది. డబ్బా సీలు మీ ఎదుట తీసి, మీ బక్కెట్లోనే కలపమనండి. మంచి పనివాళ్ళు దీనికి ఏమీ అనుకోరు.

నేలను బట్టి తేడా వస్తుంది. ఒంగోలు చుట్టుపక్కల రేగడిలో మందు నిదానంగా ఇంకుతుంది, ఒక్కసారే పోస్తే పొంగి బయటికొస్తుంది. ఆగి ఆగి రెండు మూడు విడతలుగా పోయాలి. కొత్తపట్నం, అల్లూరు వైపు ఇసుక నేలల్లో గబగబా దిగిపోతుంది కాబట్టి బావి, బోరు ఎక్కడున్నాయో ముందే చూపించండి. బావి, బోరు ఉన్న వైపు నేలలో పోయకుండా చెక్కకు మాత్రమే మందు ఎక్కించమనండి. ద్వారబంధానికి 6 మిల్లీమీటర్ల రంధ్రాలు కిందికి వాలుగా పెట్టి, నూనెలో కలిపిన మందు పోస్తారు. ఆ రోజు దగ్గర్లో దీపం, పొయ్యి వద్దు.

చీమకుర్తి గ్రానైట్ పరిచిన నేలైతే రాయి మధ్యలో కాక స్కర్టింగ్ అతుకులో డ్రిల్లింగ్ చేయించండి. డ్రిల్లును హ్యామర్ మీద పెట్టి బలంగా నొక్కితే రాయి అంచు ఊడుతుంది. గోడలో నీళ్ళ పైపు, కరెంటు పైపు ఎటు పోతున్నాయో సుద్దతో గీసి ఉంచండి. పైపు పగిలితే చెదకు కావలసిన తడి మనమే ఇచ్చినట్టవుతుంది. పని అయ్యాక రంధ్రాలు వైట్ సిమెంటుతో మూయాలి.

ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు నిదానంగా పనిచేస్తాయి. మర్నాడే చెదలు కనబడ్డాయని గొడవపడకండి. నెల దాటాక కూడా గిల్లిన దారి పూడుతుంటే మాత్రం మందు పడని చోటు ఉందన్నమాట, మళ్ళీ పిలవాల్సిందే.

మంచం కింద మెత్తటి పిండి

మట్టి లేదు, చెక్కకు గుండుసూది తలంత రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి. ఇది చెద కాదు, చెక్కను తొలిచే పురుగు. దీనికి నేల డ్రిల్లింగ్ చేయిస్తే డబ్బు దండగ. మందు ఆ రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించాలి, బాగా తొలిచిన చెక్కను మార్చేయాలి. ఈ తేడా చెప్పలేనివాడికి పని ఇవ్వకండి.

ఇంట్లో ఉసిళ్ళు

ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. వాన వెలిశాక లైటు చుట్టూ చేరినవి బయటివి కావచ్చు. కిటికీలు మూసి ఉండగా గడప కిందనుంచో గోడ పగులులోంచో వచ్చాయంటే పుట్ట మీ ఇంటి కిందే ఉంది. రెక్కల చీమలతో పొరబడొద్దు: చీమకు నడుము సన్నం, ఉసిలికి నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు.

వంటింట్లో బొద్దింకలు

చిన్నవి, గోధుమరంగువి, మెడ మీద రెండు నల్ల గీతలున్నవి ఫ్రిజ్ మోటారు వెనకా, అలమారు కీళ్ళలోనూ ఉంటాయి. వాటికి స్ప్రే కాదు, జెల్. బియ్యపుగింజంత చుక్కలు, ఎక్కువ చోట్ల పెట్టాలి. దాని మీద ఎవరైనా స్ప్రే కొడితే బొద్దింకలు జెల్‌ను ముట్టవు. జెల్, స్ప్రే రెండూ ఒకేచోట కొడతామనేవాళ్ళకు ఈ సంగతి తెలియదన్నమాట. ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 పిల్లలుంటాయి కాబట్టి మూడు నాలుగు వారాలకు రెండోసారి రావాలి. డ్రైనేజీ నుంచి వచ్చే పెద్ద ఎర్రవాటికైతే మందు ఛాంబర్ దగ్గర పడాలి.

నల్లులకూ అంతే. గుడ్లు వారం పదిరోజుల్లో పొదుగుతాయి, ఒక్క విడతతో పోవు.

లైసెన్సు, డబ్బా, బిల్లు

పెస్ట్ కంట్రోల్ చేసేవారికి 1968 పురుగుమందుల చట్టం కింద వ్యవసాయ శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. కాపీ అడగండి, గడువు తేదీ చూడండి. డబ్బా మీది త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. నల్లులకైనా ఎలుకలకైనా ఇంట్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెడతామంటే గుమ్మం దాటనివ్వకండి. ఆ గ్యాసు పక్క గదిలో పడుకున్నవాళ్ళను కూడా చంపుతుంది. డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు, పాత సీసా తెచ్చినా ఒప్పుకోవద్దు.

మిగిలిన మందు నీళ్ళు కాలవలో పారబోయనివ్వకండి. అవి రొయ్యల గుంటకు చేరితే ఒక రైతు పంట పోతుంది. కొద్దిగా మిగిలితే అదే గోడ వెంట మట్టిలో పోసేయమనండి.

బిల్లు మీద మందు పేరు, శాతం, ఎన్ని రంధ్రాలు, ఎన్ని లీటర్లు రాయించుకోండి. “5 ఏళ్ళ గ్యారంటీ” అని మాత్రమే ఉంటే సరిపోదు. ఆ గడువులో దారి మళ్ళీ కనబడితే ఎన్ని రోజుల్లో వస్తారో, ఆ గోడ మొత్తానికీ మళ్ళీ మందు పోస్తారో లేక కనబడినచోట స్ప్రే కొట్టి పోతారో, అది కూడా రాసి సంతకం పెట్టాలి.