కుక్కకు విషం పెట్టారా? ఫిర్యాదు ఇలా రాయండి

"కుక్కకు కూడా కేసేంటమ్మా?" మూగజీవాల కేసుల్లో ఫిర్యాదుదారుల వెంట స్టేషన్‌కు వెళ్లినప్పుడల్లా నేను వినే మొదటి మాట ఇదే. వాదనకు దిగకండి. సెక్షన్ నంబరు వేసి రాసిన కాగితం ముందు పెట్టండి.

చాలామంది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11 ఒక్కటే రాసుకొస్తారు. దాని కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూగప్రాణి బాధకు కట్టిన వెల ఇదా అని ఇప్పటికీ నా కడుపు మండుతుంది. పైగా కొట్టడం, తిండి పెట్టకుండా మాడ్చడం లాంటివి నాన్‌కాగ్నిజబుల్; మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు.

విషం పెట్టినా, చంపినా, కాలో కన్నో పోగొట్టినా ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 తప్పకుండా రాయండి. ఐదేళ్ల దాకా జైలు, కాగ్నిజబుల్ నేరం; అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయొచ్చు. పెంపుడుదా, వీధిదా అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు. 2024 జులై 1 తర్వాత జరిగిన ఘటనకు పాత ఐపీసీ 428, 429 రాస్తే చెల్లదు.

ఇక అసలు పని సాక్ష్యం. ఏడుస్తూనే గొయ్యి తవ్వి పాతేస్తారు, కేసు కూడా అక్కడే పూడిపోతుంది. కళేబరాన్ని కదపకముందే ఫోటోలు తీయండి: ముందు చుట్టుపక్కల కనిపించేలా దూరం నుంచి, తర్వాత దగ్గరగా నోటి నురగ, వాంతి, పక్కన మిగిలిన తిండి ముక్క. ఆ ముక్కను వట్టి చేత్తో ముట్టుకోవద్దు, పోలీసులే పంచనామా రాసి సీజ్ చేయాలి. ప్రభుత్వ పశువైద్యశాలలో పోస్ట్‌మార్టం చేయించమని స్టేషన్ నుంచి లెటర్ అడగండి. లోపలి అవయవాల నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని ఫిర్యాదులోనే రాయండి. విషం పేరు తేలేది అక్కడే. ఎండాకాలమైతే శరీరం త్వరగా పాడవుతుంది, ఐస్ మీద ఉంచండి. సీసీటీవీ ఫుటేజీ కూడా వెంటనే అడగాలి, కొన్నాళ్లకు చెరిగిపోతుంది.

పశువులను కుక్కి తీసుకెళ్లే లారీ కనిపిస్తే వెంటపడకండి. నంబరు, వెళ్లే దారి 112కు చెప్పండి. 1978 నాటి రవాణా నిబంధనల ప్రకారం ఒక లారీలో ఆరు పశువులకు మించకూడదు.

1960 చట్టం కింద కేసుకు గడువు మూడు నెలలే, కాబట్టి ఆలస్యం వద్దు. 325 రాసిచ్చినా ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు వేయొచ్చు. పోస్టు రసీదు భద్రంగా దాచండి, ఎస్పీకి ముందే పంపామని అక్కడ చూపించాల్సింది అదే.