పాప గది గోడ నుండి పాత వాల్‌పేపర్‌ను తొలగించిన విధం: నా అనుభవం

అనంతపురంలో మేము కొన్న పాత ఇంట్లో, మా పాపకు కేటాయించిన గది గోడలకు అంతకుముందు ఉన్నవారు అంటించిన వినైల్ వాల్‌పేపర్ అంచుల దగ్గర లేచి, దుమ్ము పట్టి ఉండేది. దాని మీదనే రంగు వేయవచ్చని పెయింటరు చెప్పినా, పాత జిగురు తడికి ఉబ్బి కొత్త రంగును కూడా లేపుతుందన్న భయంతో నేను ఒప్పుకోలేదు.

మొదట పొడి కాగితాన్నే పుట్టీ బ్లేడుతో గీకాను. అరగంటలో మూరెడు మేర కూడా శుభ్రపడలేదు సరికదా, గోడ పుట్టీ పెచ్చులుగా ఊడింది. పై పొర ప్లాస్టిక్ కనుక నీటిని కూడా లోపలికి పోనివ్వదు. అందువల్ల ఒక మూల నుండి ఆ పొరను మాత్రం, గోడకు దాదాపు ఆనించినట్లుగా, నెమ్మదిగా కిందికి లాగి తీశాను. తరువాత మెయిన్ స్విచ్ ఆపి, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి, గోడకు మిగిలిన తెల్ల కాగితాన్ని స్పాంజితో తడిపాను. 10, 15 నిమిషాలు ఓపిక పడితే జిగురు మెత్తబడి, కాగితం బ్లేడుకు సులువుగా లేచి వస్తుంది. అయితే నీరు ఎక్కువైతే పుట్టీ కూడా నానిపోతుంది గనుక, ఒకేసారి రెండు మూడు అడుగుల మేరనే తడపడం మంచిది.

కాగితం పోయాక గోడ చేతికి జారుడుగా తగిలితే జిగురు మిగిలినట్లే. దానిని వేడినీటి గుడ్డతో రెండుసార్లు తుడిచాను. మా ఊరి పొడిగాలికి గోడ రెండు రోజుల్లో ఆరింది. ఊడిన చోట్ల పుట్టీ పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకొని సాండ్‌పేపరుతో రుద్ది, ప్రైమరు మీద పాప కోరిన లేత పసుపు రంగును రెండుసార్లు వేశాము. వాసన పోయేవరకు పాపను మా గదిలోనే పడుకోబెట్టుకున్నాము.