హెడ్ గాస్కెట్ మార్చడం నేర్చుకుందాం – 4వ పాఠం: ముఖాల చదును, పిస్టన్ కొలత, బోల్టుల బిగింపు

గత పాఠంలో హెడ్ దించి చెక్క దిమ్మెల మీద పెట్టేదాకా వచ్చాం. దిమ్మెలు ఎందుకంటే, ఇంజెక్టర్ కొనలు హెడ్ ముఖం కన్నా కిందికి పొడుచుకుని ఉంటాయి. వాటిని విప్పకుండా హెడ్‌ను నేరుగా నేల మీద బోర్లిస్తే బరువంతా ఆ కొనల మీద పడి పాడైపోతాయి.

ఇప్పుడు కొత్త గాస్కెట్ (హెడ్‌కూ, కింది బ్లాక్‌కూ మధ్య వేసే పల్చని రేకు) చేతిలో ఉంటుంది, చేతులు ఊరుకోవు. కాసేపు ఆగండి. టర్బో డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం మండే క్షణాన సిలిండర్ లోపల ఒత్తిడి 150 బార్ దాటడం మామూలే. ఆ మంటకు కొద్ది మిల్లీమీటర్ల అవతలే నీళ్ల దారి, ఆయిల్ దారి ఉంటాయి. అంత ఒత్తిడిని ఆ పల్చని రేకు ఒక్కటే ఆపలేదు. హెడ్, బ్లాక్ ముఖాలు చదునుగా ఉండాలి, బోల్టులు వాటిని సమానంగా నొక్కి పట్టాలి. అప్పుడే గాస్కెట్ తన పని చేస్తుంది. ఈ రెండూ సరిచూడకుండా కొత్త గాస్కెట్ వేస్తే అది కూడా అక్కడే పోతుంది.

పాత గాస్కెట్‌ను పారేయకండి. ఎలా తీశారో అదే దిశలో బల్ల మీద పరిచి, సిలిండర్ చుట్టూ ఉండే ఇనుప రింగును వెలుతురులో చూడండి. మంట బయటికి తన్నిన చోట రింగు మీదుగా నల్లటి చార కనబడుతుంది. అది పక్క సిలిండర్ వైపు పోయిందా, నీళ్ల రంధ్రం వైపు పోయిందా? నీళ్ల వైపు పోతే రేడియేటర్‌లో బుడగలు ఎందుకు వచ్చాయో తెలిసిపోయినట్టే. చార ఉన్న చోటును బ్లాక్ మీదా, హెడ్ మీదా మార్కర్‌తో గుర్తు పెట్టండి. కొలతలు తీసేటప్పుడు ముందు చూడాల్సింది అక్కడే.

తర్వాత శుభ్రం చేయడం. సిలిండర్లలోనూ, నీళ్ల, ఆయిల్ రంధ్రాల్లోనూ గుడ్డలు కుక్కి మొదలుపెట్టండి. హెడ్ అల్యూమినియం అయితే ప్లాస్టిక్ లేదా చెక్క గీకుడు పలకే వాడండి. గ్రైండర్‌కు గరుకు డిస్క్ తగిలించి నిమిషంలో మెరిపించేస్తుంటారు, నేను దాన్ని గట్టిగా వద్దంటాను. ఆ డిస్క్ నుంచి రాలే పొడి ఆయిల్ దారుల్లోకి చేరితే బేరింగులను అరగదీస్తుంది. పైగా డిస్క్ ఆగిన చోటల్లా ముఖం గుంట పడుతుంది, పొరల ఇనుప గాస్కెట్లు అలాంటి గుంటను కప్పలేవు.

బోల్టు రంధ్రాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హెడ్ ఎత్తినప్పుడు కూలెంట్, ఆయిల్ వాటిలోకి దిగుతాయి. అడుగు మూసుకుపోయి ఉన్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే, ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాక్ పగలవచ్చు. పగలకపోయినా, బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ హెడ్‌ను నొక్కదు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, రంధ్రం మీద గుడ్డ కప్పి, కంప్రెసర్ గాలితో ఒక్కొక్కటీ ఊదండి. చివరికి సన్నని పుల్లకు పొడి గుడ్డ చుట్టి అడుగుదాకా దించి, తడి లేకుండా బయటికి వచ్చేదాకా తుడవండి.

ఇక చదును. మంచి స్ట్రెయిట్ ఎడ్జ్‌ను హెడ్ మీద పొడవునా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఐమూలగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే పల్చని రేకులు) దూరుతుందేమో చూడండి. బ్లాక్ మీదా ఇంతే. ఎంతవరకు ఒప్పుకోవచ్చో ఆ ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది. చాలా ఇంజిన్లకు ఆ హద్దు 0.1 మి.మీ. దరిదాపుల్లోనో, అంతకన్నా తక్కువో ఉంటుంది. మామూలు ప్రింటర్ కాగితం మందం కూడా సుమారు అంతే, అంటే కంటితో చూసి తేల్చే విషయం కాదు. హద్దు దాటితే లేత్ షాపులో ఫేసింగ్ (ముఖాన్ని పల్చగా చెక్కి చదును చేయడం) చేయించాలి, కానీ ముందు హెడ్ కనీస మందం ఎంత ఉండాలో చూడండి. కొన్ని డీజిల్ హెడ్‌లకు ఫేసింగ్ అసలు ఒప్పుకోరు. ఒప్పుకున్నవాటికి కూడా తర్వాత వాల్వు లోతు (హెడ్ ముఖం కన్నా వాల్వు ఎంత లోపలికి ఉందో), ఇంజెక్టర్ కొన ఎంత బయటికి వచ్చిందో మళ్లీ కొలవాలి. ఇంజిన్ బాగా వేడెక్కి ఆగిపోయిన బండి అయితే, ఫేసింగ్ కన్నా ముందే హెడ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించండి. వాల్వు సీట్ల మధ్య పగులు ఉంటే ఫేసింగ్ డబ్బు దండగ.

పిస్టన్ కొలత డీజిల్ ఇంజిన్‌లో తప్పించుకోలేనిది. చాలా డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు బ్లాక్ ముఖం కన్నా కొద్దిగా పైకి తేలుతుంది. ఎంత తేలిందో దాన్ని బట్టి గాస్కెట్ మందం ఎంచుకోవాలి. అందుకే ఒకే ఇంజిన్‌కు రెండు మూడు మందాల గాస్కెట్లు దొరుకుతాయి, అంచు మీద గాట్లో రంధ్రాలో చూసి ఏది ఏదో గుర్తుపడతాం. పల్చనిది వేస్తే పిస్టన్ హెడ్‌కు తగిలే ప్రమాదం ఉంది. మందమైనది వేస్తే కంప్రెషన్ తగ్గి, చలిలో స్టార్ట్ కాక, పొగ వస్తుంది.

డయల్ గేజ్ స్టాండును బ్లాక్ ముఖం మీద పెట్టి, ముల్లును అదే ముఖం మీద సున్నా చేయండి. తర్వాత కొనను పిస్టన్ మీదికి జరిపి, క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పుతూ ముల్లు ఎక్కడ పైకి పోవడం ఆపి వెనక్కి మళ్లుతుందో చూడండి. ఆ పై అంకెను రాసుకోండి. కొలిచే చోటు ముఖ్యం. పిస్టన్ పిన్ ఉన్న గీత మీదే, అంటే ఇంజిన్ పొడవు దిశలో ముందొకటి, వెనకొకటి కొలిచి సగటు తీయాలి. పక్కల కొలిస్తే పిస్టన్ అటూ ఇటూ ఒరిగి అంకె తప్పు వస్తుంది. వెట్ లైనర్ల (చుట్టూ నీళ్లు నేరుగా తగిలే, విడిగా ఊడివచ్చే సిలిండర్ గొట్టాలు) ఇంజిన్ అయితే క్రాంక్ తిప్పే ముందే లైనర్లను బోల్టులు, మందపాటి వాషర్లతో నొక్కి పట్టండి. లేకపోతే పిస్టన్‌తో పాటు లైనర్ లేచి కింది రబ్బరు రింగులు కదిలిపోతాయి. లైనర్ బ్లాక్ కన్నా ఎంత పైకి ఉందో కూడా అలా నొక్కి ఉంచే కొలవాలి.

ఉదాహరణకు ఆరు పిస్టన్ల కొలతలు 0.61, 0.60, 0.62, 0.34, 0.61, 0.60 మి.మీ. వచ్చాయనుకుందాం. నాలుగో అంకె దగ్గర ఆగండి. మళ్లీ కొలవండి. అదే వస్తే ఆ పిస్టన్ కనెక్టింగ్ రాడ్ వంగిందని అనుమానించాలి. గాస్కెట్ పోయి రాత్రంతా సిలిండర్‌లోకి నీళ్లు కారితే, పొద్దున స్టార్టర్ కొట్టగానే పిస్టన్ ఆ నీళ్లను నొక్కలేదు, రాడ్ వంగుతుంది. ఈ కొలత తీయనివాళ్లకు ఆ సంగతి బండి రోడ్డెక్కాక తెలుస్తుంది. మిగతావన్నీ సరిగా ఉంటే, మాన్యువల్ చెప్పిన లెక్క ప్రకారం, సాధారణంగా ఎక్కువ తేలిన పిస్టన్‌ను బట్టి, గాస్కెట్ ఎంచుకోండి.

గాస్కెట్‌ను పొడిగా, ‘టాప్’ అని ఉన్న వైపు పైకి ఉండేలా డౌల్ పిన్నుల (చోటు తప్పకుండా పట్టే చిన్న పిన్నులు) మీద కూర్చోబెట్టండి. మాన్యువల్ చెప్పిన చోట తప్ప ఎక్కడా పేస్టు పూయకండి. హెడ్‌ను చైన్ బ్లాక్‌తో నిట్టనిలువుగా దించండి. గాస్కెట్ మీద పెట్టి పక్కకు జరిపితే పై పూత గీసుకుపోతుంది.

ఇక బోల్టులు. మీరు పానాతో పెట్టే బలంలో దాదాపు పదో వంతే హెడ్‌ను నొక్కడానికి పనికొస్తుంది, మిగతాదంతా బోల్టు మరల్లో రాపిడి, తల కింద రాపిడి తినేస్తాయి. తుప్పు పట్టిన మర ఒకటి, నూనె రాసిన మర ఒకటి ఉంటే టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే పానా) రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది కానీ నొక్కుడు ఒకటి కాదు. మరలకూ, తల కింద వాషర్‌కూ పల్చగా ఇంజిన్ ఆయిల్ రాయండి, కారేంత వద్దు. సాగేలా తయారుచేసిన బోల్టులైతే కొత్తవే వేయండి. కొన్ని మాన్యువల్స్ పొడవు కొలిచి, హద్దులో ఉంటే మళ్లీ వాడనిస్తాయి.

బిగించడం నడుమ నుంచి మొదలై బయటికి పోవాలి, విప్పినప్పుడు చేసిన వరసకు సరిగ్గా ఎదురు. ముందు కొంత టార్క్, తర్వాత ఇంకొంత, ఆపైన 90 డిగ్రీల చొప్పున తిప్పడం, ఇలా దశలుంటాయి. అంకెలు మీ ఇంజిన్‌వే తీసుకోండి, పక్క బండివి కాదు. టార్క్ దశల్లో రెంచ్‌ను మధ్యలో ఆపకుండా ఒకే లాగులో లాగండి. ఆగి మళ్లీ మొదలుపెడితే నిలకడ రాపిడి ఎక్కువై ముందే ‘టక్’ మంటుంది. డిగ్రీల దశకు ముందు ప్రతి బోల్టు తల మీద ఒకే దిశలో తెల్ల రంగు చుక్క పెట్టండి. అన్నీ అయ్యాక చుక్కలన్నీ ఒకే వైపు చూస్తుంటే ఏదీ మరిచిపోలేదన్నమాట.

రాకర్లు, టాపెట్ క్లియరెన్స్, కూలెంట్ నింపి గాలి తీయడం వచ్చే పాఠంలో. ఈలోగా థర్మోస్టాట్ విప్పి, థర్మామీటర్ పెట్టిన నీళ్లలో వేడి చేసి, ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో చూడండి. దాని మీద ముద్రించిన అంకెతో పోల్చండి. అసలు తెరుచుకోకపోతే, గాస్కెట్ ఎందుకు పోయిందో వెతకడం అక్కడి నుంచే మొదలుపెడదాం.