స్టాక్ లేదంటే ఎవరిని అడగాలి? కుటుంబ నియంత్రణ సేవలకు ఊరే మార్కులు వేసే పద్ధతి

గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర సూది కోసం విలేజ్ క్లినిక్‌కు పోతే స్టాక్ లేదంటారు. పీహెచ్‌సీకి పోతే వచ్చే వారం రమ్మంటారు. ఆటో ఛార్జీ, ఒకరోజు కూలి పోగొట్టుకున్న మనిషి మూడోసారి రాదు. ఏఎన్‌ఎం మీద కోపం మాత్రం మిగులుతుంది. ఆ సూది ఏఎన్‌ఎం దగ్గరే ఆగిందని ఏముంది? పీహెచ్‌సీలో ఇండెంటు (కావాల్సిన మందులకు రాసే చీటీ) పెట్టకపోయి ఉండొచ్చు, జిల్లా స్టోరు నుంచే రాకపోయి ఉండొచ్చు. ఏ మెట్టు మీద ఆగిందో ఊరి కంటికి కనబడేలా చేసే పద్ధతే కమ్యూనిటీ స్కోర్ కార్డు: సేవలకు ఊరు ఒకసారి, సిబ్బంది ఒకసారి మార్కులు వేసి, ఆపైన ముఖాముఖి కూర్చుని ఏం చేయాలో రాసుకోవడం. 2002లో మలావీలో కేర్ సంస్థ దీన్ని మొదలుపెట్టింది. మన దేశంలో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 2007లో తొమ్మిది రాష్ట్రాల్లో ప్రజా పర్యవేక్షణ పేరుతో ఇలాంటిదే నడిపారు. ఆ తొమ్మిదిలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా దీనికి ప్రత్యేకంగా జీవో అక్కర్లేదు. పొదుపు సంఘాలు, గ్రామ సమాఖ్య, గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషకాహార కమిటీ ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట ఖాయం చేసుకోవాలి. ఆపరేషన్ల సంఖ్య పెంచడం దీని పని కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. సూది, మాత్ర, కాపర్-టి, మగవాళ్ళ ఆపరేషన్ అన్నీ కలిపినా ఒకటీ అరా శాతం. అంటే మన దగ్గర లోటు వాడకంలో కాదు, ఎంచుకునే వీలులో ఉంది. కేంద్రం 1996లోనే టార్గెట్లు ఎత్తేసింది. మనం స్కోర్ కార్డు పేరుతో వాటిని దొడ్డిదారిన తెచ్చిపెట్టకూడదు. ‘ఈ నెల ఎన్ని ఆపరేషన్లు’ అనే ప్రశ్న మీ కార్డులో కనిపిస్తే కొట్టేయండి.

ఎప్పుడు, ఎవరితో

కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు సంక్రాంతి దాటితే ఊళ్ళు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు పోయినవాళ్ళు ఎండాకాలానికి గానీ తిరిగిరారు. ఫిబ్రవరిలో మీటింగు పెడితే ముసలోళ్ళు, బడిపిల్లలే వస్తారు. అందుకే మొదటి విడత ఏరువాకకు ముందు, జూన్ మొదట్లో పెట్టాలి. రెండోది డిసెంబరులో, మూటాముల్లె కట్టకముందే. ఆరు నెలల ఎడం దానంతటదే కుదురుతుంది. వేళ రాత్రి అన్నాలయ్యాక, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా. అంతకన్నా సాగదీస్తే పసిబిడ్డల తల్లులు లేచిపోతారు.

ఒక విలేజ్ క్లినిక్ పరిధికి నాలుగు గుంపులు, గుంపుకు 8 నుంచి 12 మంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, ఒక బిడ్డ తల్లులు ఒక గుంపు. ఆపరేషన్ అయినవాళ్ళు ఒకటి. మగవాళ్ళు ఒకటి. ఎస్సీ కాలనీ ఆడవాళ్ళకు నాలుగోది, వాళ్ళ వీధిలోనే. అందరినీ రామాలయం అరుగు మీద కూర్చోబెడితే కాలనీవాళ్ళు చివర్న నిలబడి వింటారు తప్ప నోరు తెరవరు. అత్తల్ని, కోడళ్ళను ఒకే గుంపులో కలపొద్దు. ఆదోని, కర్నూలు, కడప బస్తీల్లో ఉర్దూ మాట్లాడే మనిషి, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం వచ్చిన మనిషి తప్పనిసరి.

నడిపేవాళ్ళు ఇద్దరు: ఒకరు అడగడానికి, ఒకరు రాయడానికి. ఆశా కార్యకర్త, ఆమె బంధువులు, సర్పంచి ఇంటివాళ్ళు ఈ ఇద్దరిలో ఉండకూడదు. పక్క ఊరి సమాఖ్య లీడరయితే మేలు. రాసే మనిషి జనం చెప్పిన మాటనే రాయాలి. ‘పోతే కసురుకుంటాది’ అన్న మాటను ‘సిబ్బంది ప్రవర్తన సంతృప్తికరంగా లేదు’ అని దిద్దితే దానిలో ప్రాణం పోతుంది.

మార్కులు వేటికి

ఎనిమిది అంశాలు చాలు. పదిహేను పెట్టుకుంటే పదో దానికల్లా అందరూ ‘మూడు వెయ్యమ్మా’ అంటారు. అడగాల్సినవి ఇవి: అడిగిన పద్ధతి ఆరోజే దొరికిందా. కనీసం మూడు పద్ధతుల గురించి చెప్పారా. సూదికి గానీ, మాత్రకు గానీ వచ్చే మార్పులు ముందే చెప్పారా. పక్కవాళ్ళు వినకుండా మాట్లాడే చోటుందా. డబ్బులడిగారా. ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చి చూశారా. మగవాళ్ళకు ఎవరైనా ఏమైనా చెప్పారా.

ఎనిమిదోది చాలామంది మరచిపోతారు: ‘వద్దంటే ఆపారా, తీయమంటే తీశారా?’ కాపర్-టి తీయమని వచ్చిన మనిషిని ‘ఇంకో రెండు నెలలు చూడమ్మా’ అని పంపేస్తే ఆమె ఎంచుకున్నట్టు కాదు, ఇరుక్కున్నట్టు. 380-ఏ రకం పదేళ్ళు, 375 రకం ఐదేళ్ళు పనిచేస్తాయి కాబట్టి అన్నాళ్ళూ ఉంచుకోవాలని ఎక్కడా లేదు. ఎప్పుడు అడిగితే అప్పుడు తీయాల్సిందే.

ఆపరేషన్ విషయంలో ఊరికి ముందే తెలిసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. భర్త సంతకం అక్కర్లేదు, చేయించుకునే మనిషి సంతకమే చాలు. ఒప్పంద పత్రం ఆమెకు తెలిసిన భాషలో ఉండాలి, చదవలేకపోతే చదివి వినిపించాలి. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదు. 2014 నవంబరులో బిలాస్‌పూర్ క్యాంపులో కొన్ని గంటల్లోనే 83 మందికి చేశారు, ఆ వారం ఆ జిల్లా క్యాంపుల్లో చేయించుకున్నవాళ్ళలో పదముగ్గురు చనిపోయారు. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్యాంపులు మూడేళ్ళలో ఆపేయమంది. ఇక వేసక్టమీ (మగవాళ్ళ ఆపరేషన్) అయినవాళ్ళు మూడు నెలలు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకోవాలి. ఈ ముక్క చెప్పకపోతే భార్యకు గర్భం వచ్చిందని ఇంట్లో గొడవలు రేగుతాయి.

టిన్నులు, చింతగింజలు

ఐదు ఖాళీ టిన్నులు, వాటి మీద ఏడుపు మొహం (ఒక మార్కు) నుంచి నవ్వు మొహం (ఐదు మార్కులు) దాకా ఐదు బొమ్మలు. మనిషికి ఎనిమిది చింతగింజలు, అంశానికి ఒకటి. బుడ్డలు (వేరుశనగలు) మాత్రం ఇవ్వొద్దు, నాలుగో అంశానికే తినేస్తారు. టిన్నులు దుప్పటి చాటున పెట్టి, అంశం చదివి, ఒక్కొక్కరు పోయి వేసి రావాలి. చేతులెత్తమంటే మొదట ఎత్తినవాళ్ళ వైపే అందరూ ఎత్తుతారు. ఒక్కో అంశం అయ్యాక గింజలు లెక్కపెట్టి చార్టు మీద రాసి, టిన్నులు ఖాళీ చేయండి.

సగటు తీసి సరిపెట్టుకోవద్దు. పదిమందిలో ఐదుగురు ఒకటి, ఐదుగురు ఐదు వేస్తే సగటు మూడు. ఆ మూడు ఎవ్వరి అనుభవమూ కాదు. ఒకటి వేసినవాళ్ళు ఏ వీధివాళ్ళయి ఉంటారో మీకూ తెలుస్తుంది, పేర్లు అడక్కండి. ‘ఒకటి ఎందుకు పడి ఉంటుందంటారు?’ అని అందర్నీ కలిపి అడిగితే కారణం వస్తుంది. ఎవరు ఏ పద్ధతి వాడుతున్నారో అడగడం, రాయడం, ఫోటో తీయడం ఏదీ వద్దు. కొంతమంది సూది వేయించుకుంటున్నట్టు ఇంట్లోవాళ్ళకు కూడా తెలీదు.

రిజిస్టరు చెప్పేది

మార్కులు మనుషుల మాట. వాటి పక్కన కాగితం మాట కూడా ఉండాలి. క్లినిక్‌లోనూ, పీహెచ్‌సీ ఫార్మసీలోనూ గత ఆరు నెలల స్టాక్ రిజిస్టరు చూపించమని మెడికల్ ఆఫీసరును రాతపూర్వకంగా అడగండి. మీకు కావాల్సింది వచ్చినవి, ఇచ్చినవి, మిగిలినవి మాత్రమే. లబ్ధిదారుల పేర్లుండే రిజిస్టరు తెరవొద్దు.

ఇక లెక్క. అంతర మూడు నెలలకోసారి వేస్తారు. క్లినిక్ పరిధిలో 18 మంది వాడుతుంటే మూడు నెలలకు 18 వయల్స్, ఏడాదికి 72. మొదటి మూడు నెలల్లో 18 ఇచ్చి తర్వాతి మూడు నెలల్లో 7 ఇస్తే, 11 మంది ఏమయ్యారన్నది ప్రశ్న. అదే కాలంలో మిగులు సున్నా అని ఉంటే స్టాక్ సమస్య. మిగులు పది ఉండగా ఇచ్చినవి ఏడే అయితే, ముట్టు ఆగిందని భయపడి మానేశారో, ఊళ్ళో లేరో చూడాలి. ఈ రెండింటికీ మందు వేరు. మొదటిదానికి ఇండెంటు కావాలి, రెండోదానికి మాట కావాలి.

సుగ్గికి పోయేవాళ్ళకు ఇక్కడే ఒక దారి ఉంది. సూదిని గడువుకు రెండు వారాల ముందే వేయొచ్చు. నాలుగు వారాలు ఆలస్యమైనా ఫర్వాలేదు. కార్డు చేతిలో ఉంటే గుంటూరు వైపు పీహెచ్‌సీలోనైనా అడగొచ్చు. గర్భం రాకుండా వేసుకునే ఛాయా మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. స్ట్రిప్పుకు ఎనిమిది. మూడు నెలలు దాటిన మనిషి నాలుగు నెలలు వలస పోతే 17 మాత్రలు, అంటే మూడు స్ట్రిప్పులు ఒకేసారి ఇవ్వాలి. నెలకొకటి చొప్పున ఇచ్చే అలవాటు ఇక్కడ పనికిరాదు.

సిబ్బంది కార్డు

దీన్ని ఎగరగొడితే మొత్తం పని తిట్ల పురాణం అవుతుంది. ఏఎన్‌ఎంలు, ఎంఎల్‌హెచ్‌పీ (క్లినిక్‌ను చూసుకునే మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి), ఆశాలను విడిగా కూర్చోబెట్టి అవే ఎనిమిది అంశాలకు వాళ్ళతో మార్కులు వేయించండి. వాళ్ళ ఇబ్బందులు రెండు మూడు కలపమనండి: ఒకే గదిలో టీకాలు, బీపీ, ఈ మాటలు అన్నీ. యాప్‌లలో నింపడానికే సగం పూట. మెడికల్ ఆఫీసరు మొదటి అరగంట పక్కకు పోవాలి, లేకుంటే అందరూ ఐదే వేస్తారు. రెండు కార్డుల్లోనూ తక్కువ పడిన అంశం మీ మొదటి పని. జనం ఒకటి, సిబ్బంది ఐదు వేసినదాని మీద ముఖాముఖిలో ఎక్కువసేపు కూర్చోవాలి.

ముఖాముఖి

సచివాలయంలోనో బడిలోనో, రెండు గంటలు. మెడికల్ ఆఫీసరు, సూపర్‌వైజరు, సర్పంచి, సమాఖ్య అధ్యక్షురాలు రాకపోతే వాయిదా వేయండి. సంతకం పెట్టగల మనిషి లేని మీటింగులో మిగిలేది టీ ఖర్చు. సర్పంచి మహిళ అయితే ఆమే కూర్చోవాలి, ఆమె భర్త కాదు. రూలు ఒకటే: పదవి పేరే తప్ప మనిషి పేరు వద్దు. ఏది బాగుందో ముందు చదవండి.

మాట ఇలా నడుస్తుంది:

‘సూది ఏసినంక రెణ్ణెల్లు ముట్టు రాల్యా అక్కా. గర్భమేమో అని బయపడి మల్లీ పోలేదు మా వీధోళ్ళు.’

‘అట్లా అయితాదమ్మా, దాంతో ఏం కాదు.’

‘ఆ మాట ఏసేటప్పుడే చెప్పాల గదా!’

ఇక్కడ నడిపే మనిషి ఆపి, దాన్ని పనిగా మార్చాలి. సూది వేసే ముందు చెప్పాల్సినవి మూడు: ముట్టు క్రమం తప్పుతుంది లేదా ఆగిపోతుంది గానీ అది జబ్బు కాదు; సూది మానేశాక బిడ్డ నిలవడానికి చివరి డోసు నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు; అనుమానమొస్తే మానేయకుండా ముందు వచ్చి అడగాలి. ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాసి క్లినిక్ గోడకు అంటించాలి. ఎవరు రాస్తారు, ఎప్పటికి? అప్పుడే అది పనవుతుంది.

ప్రతి పనికీ నాలుగు గళ్ళు: ఏమిటి, ఏ పదవివాళ్ళు, ఏ తేదీకి, అయిందని ఎలా తెలుస్తుంది. ‘స్టాక్ మెరుగుపరచాలి’ అనేది పని కాదు. ‘పీహెచ్‌సీ ఫార్మసిస్టు జూన్ 25లోపు 30 అంతర వయల్స్‌కు ఇండెంటు పెట్టాలి, పెట్టిన తేదీ సచివాలయం బోర్డు మీద రాయాలి’ అనేది పని. ఒక్క విడతలో ఐదు పనులు దాటొద్దు. కనీసం రెండు ఊళ్ళోనే అయ్యేవి ఉండాలి. గదికి తెర, కడ్డీ లాంటివి కమిటీ నిధితో వారంలో అయిపోతాయి. పీహెచ్‌సీలో అయ్యేవాటికి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ఉంది. ఆ తెర వేలాడటం చూసినవాళ్ళే తర్వాతి మీటింగుకు వస్తారు.

గడువు దాటితే

నెలనెలా ఆరోగ్య పోషకాహార దినం రోజున పది నిమిషాలు చార్టు ముందు నిలబడి ఏది అయింది, ఏది కాలేదు చూడండి. తేదీ దాటి నెల అయితే జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి (డీఎంహెచ్‌ఓ) లేఖ. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, రసీదు దాచుకోండి. రిజిస్టరు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. ‘కుటుంబ నియంత్రణ వివరాలన్నీ ఇవ్వండి’ అని రాయొద్దు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అంతర రాబడి, జారీ, నిల్వ అని రాస్తే తప్పించుకోలేరు.

ఆపరేషన్ ఫెయిలైతే, ప్రాణం పోతే, లేదా వికటిస్తే అది స్కోర్ కార్డు విషయం కాదు, మీటింగు దాకా ఆపొద్దు. దానికి కేంద్రం నష్టపరిహార పథకం ఉంది. గడువు 90 రోజులు. ఆ క్లెయిము జిల్లా నాణ్యతా కమిటీకి పోతుంది. ఆపరేషన్ సర్టిఫికెట్టు లేకపోతే కష్టం, కాబట్టి ఒంట్లో బాగున్నవాళ్ళు కూడా దాన్ని అడిగి తీసుకుని దాచుకోవాలి.

తప్పు జరిగేది ఎక్కువగా మూడుచోట్ల. నోరు తెరిచినామెను తర్వాత క్లినిక్‌లో ‘నువ్వే గదా చెప్పింది’ అంటారు. అందుకే ముఖాముఖిలో ఫిర్యాదును నడిపే మనిషే చదవాలి, చెప్పాలనుకున్నవాళ్ళే లేచి చెప్పాలి. రెండోది, కొత్త ఏఎన్‌ఎం వస్తే పాత ఒప్పందం తెలియదంటారు. ఒప్పందం నకలు పీహెచ్‌సీ ఫైల్లో ఒకటి, సమాఖ్య దగ్గర ఒకటి ఉండాలి. మూడోది పుకార్లు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ‘ఇంక సర్కారు మాత్రలు ఇవ్వదంట’ అని ఎవరైనా అంటే, ఆ చట్టం పోటీ అర్హత గురించేననీ, క్లినిక్ సేవలు ఎప్పటిలాగే ఉన్నాయనీ చార్టు కిందే రాసిపెట్టండి.

డిసెంబరు విడతకు జూన్ చార్టును తెచ్చి పక్కన వేలాడదీయాలి. అది సచివాలయం బీరువాలో ఉంటే తాళం దొరకదు. గ్రామ సమాఖ్య మినిట్స్ పుస్తకంతో పాటు లీడరు ఇంట్లోనే చుట్టి పెట్టించండి.