కారు వెనక నుంచి వింత శబ్దం వస్తోందా? ఎక్కడి నుంచో ఇలా కనిపెట్టండి

పోయిన వానాకాలంలో మా కారు డిక్కీ వైపు నుంచి లొడలొడమని ఒక శబ్దం మొదలైంది. ముందు చక్రాలు స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ఏమీ ఉండదు, వెనక చక్రాలు దిగగానే లొడ లొడ. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడి మెకానిక్ కారు మూలను రెండుసార్లు నొక్కి చూసి వెనక షాక్ అబ్జార్బర్లు పోయాయన్నాడు, నేను సరేనన్నాను, రెండూ మార్చాడు, డబ్బులిచ్చి ఇంటికి వస్తుంటే మా వీధి మలుపులో మొదటి గుంతలోనే మళ్లీ లొడలొడ. ఇంటికొచ్చి డిక్కీలో కార్పెట్ ఎత్తి చూశాను. స్టెప్నీని పట్టి ఉంచే బోల్టు రెండు వేళ్లతో తిప్పితే తిరుగుతోంది. రెండు నెలల కిందట పంక్చర్ వేయించినప్పుడు టైరును లోపల పెట్టారు గానీ బోల్టు బిగించలేదు, నేనూ చూసుకోలేదు.

అప్పటి నుంచి వెనక ఏ శబ్దం వచ్చినా ఒకే వరుసలో వెతుకుతున్నాను. పైసా ఖర్చు లేని చోట మొదలుపెట్టి, మెకానిక్ తప్ప ఇంకెవరూ చేయలేని పని దాకా వెళ్లే వరుస ఇది. మన దగ్గర ఎక్కువగా తిరిగే చిన్న కార్లను, అంటే ముందు చక్రాలకు ఇంజన్ బలం వచ్చి వెనక డ్రమ్ బ్రేకులు ఉండే హ్యాచ్‌బ్యాక్‌లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే మొదట చూడాల్సింది చక్రాల నట్లు

ఈ మధ్యే పంక్చర్ వేయించినా, టైర్లు మార్పించినా, వెనక నుంచి టక్ టక్‌మని వస్తూ కారు కొద్దిగా ఊగుతున్నట్టు అనిపించినా ఇంకేమీ ఆలోచించకండి, పక్కకు ఆపి వీల్ పానాతో నాలుగు నట్లూ చూడండి. ఒక్కటి వదులుగా ఉన్నా అన్నిటినీ క్రాస్‌గా, ఒకదాని తర్వాత దాని ఎదుటిది చొప్పున బిగించండి. ఎంత బిగువు ఉండాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, తర్వాత టైర్ల షాపులో బిగువును కొలిచే టార్క్ పానాతో సరిచూపించుకోవచ్చు. అలాగే ఇనుము ఇనుమును గీస్తున్నట్టు గరగర వస్తున్నా, చక్రం దగ్గర కాలిన వాసన వస్తున్నా కారును ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు. ఫోన్ చేసి మెకానిక్‌నే పిలిపించండి.

ఎక్కడి నుంచి అని కాదు, ఎప్పుడు వస్తోందో చూడండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం ఖాళీ డబ్బా లాంటిది, కుడి వైపు పుట్టిన శబ్దం ఎడమ వైపు వినిపిస్తుంది, కింద పుట్టింది సీటు వెనక వినిపిస్తుంది. అందుకే చెవిని నమ్ముకుని చోటు వెతికే కంటే, ఆ శబ్దం ఏ పని చేసినప్పుడు వస్తోంది, ఏ పని చేస్తే పోతోంది అన్నది రెండు రోజులు గమనించి ఫోన్‌లో రాసుకోండి. గుంతల్లోనే వస్తోందా, నున్నటి రోడ్డు మీద కూడా వస్తోందా? స్పీడు పెరిగితే పెరుగుతోందా? బ్రేకు తొక్కితే మారుతోందా? పొద్దున్నే వచ్చి పది నిమిషాల్లో పోతోందా? బండి నిలబడి ఇంజన్ మాత్రమే ఆన్‌లో ఉన్నప్పుడు కూడా ఉందా?

ఖాళీ రోడ్డు మీద 50, 60 స్పీడులో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ వదిలి రెండు క్షణాలు క్లచ్ తొక్కి పట్టుకోండి. ఇంజన్ చప్పుడు తగ్గినా ఆ శబ్దం అలాగే ఉంటే అది చక్రం, టైరు, లేదా చక్రం సులువుగా తిరిగేలా చేసే బేరింగ్ వైపుది. ఇంజన్‌తో పాటే తగ్గిపోతే సైలెన్సర్ వైపు చూడాలి.

లెక్క పెట్టగలిగే టిక్ టిక్ అయితే ఇంకా సులువు. 165/80 ఆర్14 సైజు టైరు ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 1.95 మీటర్లు పోతుంది, అంటే గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఇంచుమించు మూడు చుట్లు. మీకు వినిపించే టిక్ కూడా సెకనుకు మూడే అయితే ఆ శబ్దం చక్రంతో పాటు తిరుగుతున్నదే, టైరు గాడిలో ఇరుక్కున్న కంకర రాయో మేకో అయ్యుంటుంది. రాయి అయితే స్క్రూడ్రైవర్‌తో తీసేయండి. మేకు అయితే మాత్రం అక్కడే లాగేయకండి, గాలి పోతుంది, పంక్చర్ షాపు దాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.

డిక్కీ మొత్తం ఖాళీ చేయండి

మొత్తం అంటే మొత్తం. నీళ్ల సీసాలు, గొడుగు, పాత చెప్పులు, గుడి నుంచి తెచ్చి మరిచిపోయిన కొబ్బరికాయ, అన్నీ బయటికి. కార్పెట్ ఎత్తి స్టెప్నీని రెండు చేతులతో పట్టుకుని ఊపండి, కదలకూడదు. జాకీ దాని చోటులో పెట్టి ఉన్నా సరే, దాని మర కొద్దిగా విప్పుకుని ఉంటే లొడలొడలాడుతుంది, చేత్తో తిప్పి బిగించి పెట్టండి. పానా, కడ్డీ లాంటివి పాత తువ్వాల్లో చుట్టేయండి. తర్వాత డిక్కీ పైన ఉండే అట్ట పలకను కూడా తీసి ఇంట్లో పెట్టి, ఏ గుంతలో శబ్దం వచ్చేదో అదే గుంత మీదుగా ఒకసారి వెళ్లి రండి.

శబ్దం పోయిందా? అయితే ఒక్కో వస్తువూ తిరిగి పెడుతూ చూడండి, దొంగ దొరుకుతాడు. పోకపోతే ఒకరిని వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి మీరు నడపండి. మా బావమరిది అలా కూర్చునే ఒకసారి సీటు బెల్టు బకిల్ పక్కనున్న ప్లాస్టిక్‌ను కొడుతోందని పట్టేశాడు. ముందు సీట్లో కూర్చున్న నాకు అది ఏదో పెద్ద రిపేర్‌లా వినిపించింది. వెనక సీటు వీపు భాగం లాక్‌లో పూర్తిగా పడకపోయినా, నంబర్ ప్లేట్ స్క్రూ వదులైనా ఇలాంటి చప్పుళ్లే వస్తాయి.

డిక్కీ తలుపు మూసి ఉండగా అరచేత్తో తట్టండి, లోపల గలగలమంటే తలుపు గట్టిగా ఆనడం లేదన్నమాట. తలుపు అంచుల్లో రెండు వైపులా రబ్బరు బుడిపెలు ఉంటాయి, చాలా కార్లలో వాటిని చేత్తో తిప్పితే కొద్దిగా బయటికి వస్తాయి. రెండింటినీ సమానంగా అర చుట్టు తిప్పి చూడండి.

డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉండి అది కదులుతున్నట్టు అనిపిస్తే మాత్రం మీరు పానా పట్టొద్దు, నేరుగా ఆ కిట్ పని తెలిసిన వర్క్‌షాప్‌కు వెళ్లండి.

సైలెన్సర్

బండి చల్లారాకే, రాత్రంతా ఆగిన బండి అయితే ఇంకా మంచిది, లేకపోతే చేయి కాలుతుంది. వెనక వంగి సైలెన్సర్ గొట్టం చివర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపండి. అది రబ్బరు రింగులకు వేలాడుతూ ఉంటుంది కాబట్టి కొంచెం ఊగడం మామూలే, ఊగినప్పుడు దేనికైనా తగిలి ఠంగుమనకూడదు. రబ్బరు ఒకటి తెగితే గుంతల్లో ఠంగు ఠంగుమంటుంది, కొత్తది చవకే. డబ్బాను పిడికిలితో తట్టినప్పుడు లోపల రేకులు గలగలమంటే తుప్పు పట్టి లోపలి పలకలు ఊడాయని అర్థం. ఇంజన్ ఒక స్పీడుకు వచ్చినప్పుడు మాత్రమే జుయ్యిమని వచ్చే సన్నటి శబ్దం చాలాసార్లు గొట్టం పైనుండే వేడి తట్టుకునే రేకుది, దాని బోల్టు దగ్గర తుప్పు పట్టి వదులవుతుంది.

గుంతల్లో వచ్చే దబ్ దబ్

డిక్కీ ఖాళీ చేసినా, సైలెన్సర్ బాగున్నా గుంతల్లో దబ్‌మంటుంటే అప్పుడు షాక్ అబ్జార్బర్ల సంగతి. వెనక మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి, పైకి లేచి ఒక్కసారికే కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే అరిగిపోయినట్టే. కానీ ఊగకపోయినంత మాత్రాన బాగున్నాయని కాదు, టార్చ్ వేసి షాక్ అబ్జార్బర్ ఒళ్లంతా చూడండి, నూనె కారి దుమ్ము అంటుకుని నల్లగా జిడ్డుగా ఉంటే అది లీక్. పైనుండే రబ్బరు పోతే చిన్న రాయి మీద కూడా టక్‌మంటుంది, ఇరుసును పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు పోతే కిర్రుమంటుంది. షాక్ అబ్జార్బర్లు మారిస్తే రెండు వైపులా కలిపే మార్చాలి.

హోరు: టైరా, బేరింగా?

నన్ను అడిగితే అందరూ ఎక్కువ గందరగోళపడేది ఇక్కడే. 40 దాటగానే గూ... అని మొదలై స్పీడుతో పెరిగే హోరు టైరుదైనా కావచ్చు, వీల్ బేరింగ్‌దైనా కావచ్చు.

మొదట వెనక టైరు మీద అరచేయి పెట్టి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్లలా తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగింది. ఆ టైర్లను ముందుకు, ముందువి వెనక్కి మార్పించండి. హోరు కూడా ముందుకు వచ్చేస్తే టైరే కారణం, వెనకే ఉండిపోతే బేరింగ్‌ను అనుమానించాలి. కొత్త సిమెంట్ రోడ్డు మీద మాత్రమే హోరు ఉండి తారు రోడ్డు ఎక్కగానే తగ్గిపోతే అదీ టైరు శబ్దమే.

బేరింగ్‌కు ఇంకో గుర్తు ఉంది. పొడవాటి వంపు తిరిగేటప్పుడు బరువు బయటి వైపు చక్రాల మీద పడుతుంది. కుడికి తిరిగినప్పుడు హోరు పెరిగి, ఎడమకు తిరిగినప్పుడు తగ్గితే ఎడమ వెనక బేరింగ్ మీద అనుమానం పెట్టుకోండి.

ఖాయం చేసుకోవాలంటే చక్రం లేపాలి. సమంగా ఉన్న గట్టి నేల మీద ఆపి, ముందు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు గట్టిగా పెట్టి, బండిని గేర్‌లో ఉంచండి. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే వెనక చక్రం తిరగదు కాబట్టి దాన్ని దించాల్సిందే, అందుకే ఆ రాళ్లు అంత ముఖ్యం. పుస్తకంలో చూపించిన చోటే జాకీ పెట్టి లేపి, కింద స్టాండ్ పెట్టండి. స్టాండ్ లేకపోతే ఈ పని షెడ్డులోనే చేయించండి, జాకీ మీద ఉన్న కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లో దూరొద్దు. ఇప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పితే మంచి బేరింగ్ నిశ్శబ్దంగా తిరుగుతుంది, చెడిపోయింది ఇసుక పడ్డ తిరగలిలా గరగరమంటుంది. రెండో వైపు చక్రాన్ని కూడా లేపి పోల్చి చూడండి, తేడా చెవికే కాదు చేతికీ తెలుస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు లూజు ఉంటే ఇక వాయిదా వేయొద్దు, ఆ వారమే మార్పించండి.

బ్రేక్ డ్రమ్ము

వాన పడ్డ రాత్రి హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే పొద్దున కదిలేటప్పుడు వెనక టక్‌మని ఒక శబ్దం వస్తుంది, డ్రమ్ముకు సన్నగా తుప్పు పట్టి, లోపల దాన్ని ఒత్తి ఆపే బ్రేక్ షూ అంటుకుంటుంది. ఒక్కసారి వచ్చి పోతే పట్టించుకోనక్కర్లేదు. రోజంతా స్స్ స్స్‌మని రాపిడి వినిపిస్తుంటే హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా వెనక్కి రావడం లేదేమో చూడాలి. పావుగంట నడిపి ఆపాక రెండు వెనక చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు, ఒకదాని సెగ రెండోదాని కంటే బాగా ఎక్కువుంటే ఆ వైపు బ్రేక్ పట్టేస్తోంది. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో ఊదనివ్వకండి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తాళం తిప్పగానే వెనక సీటు కింద రెండు క్షణాలు జుయ్యిమంటే అది పెట్రోల్ పంపు, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బ్రేకు వేస్తే గుడగుడమనేది లోపలి పెట్రోల్. రెండూ మామూలే.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు

"వెనక ఏదో సౌండ్ వస్తోంది" అని చెప్పి తాళాలు ఇచ్చేయకండి. "నలభై దాటాక హోరు, కుడికి తిరిగితే పెరుగుతోంది, టైర్లు మార్చి చూశాను, వెనకే ఉంది" అని చెప్పండి. వెనక కూర్చున్నవాళ్లతో ఫోన్‌లో రికార్డు చేయించి వినిపించండి, పని మొదలుపెట్టక ముందే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ శబ్దం వచ్చే రోడ్డు మీదే ఒక చుట్టు తిప్పండి. ఏ పార్ట్ మారుస్తానన్నా పాతదాన్ని మీ చేతికి ఇవ్వమని ముందే చెప్పండి, బిల్లు కట్టే ముందు అదే రోడ్డు మీద, అదే స్పీడులో ఇంకోసారి తిరిగి రండి.