బుడతలతో పిల్లల ఫామ్‌కి వెళ్లేటప్పుడు

మా అమ్మాయికి మూడేళ్లు, బాబుకి ఏడాదిన్నర. ఇద్దర్నీ తీసుకుని, జంతువుల్ని దగ్గర్నుంచి చూసి, తాకి, మేత పెట్టనిచ్చే పిల్లల ఫామ్‌కి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం. మొదటిసారి అన్నీ చూపించేయాలన్న ఆత్రంతో గుర్రం, బాతులు, కుందేళ్లు, ఆవు అంటూ తెగ తిప్పేశాను. గంటయ్యేసరికి ఇద్దరూ ఒకటే ఏడుపు. ఇప్పుడు రెండు మూడు జంతువుల దగ్గరే ఆగుతాం. మొన్న ఆవు నెమరు వేస్తుంటే అమ్మాయి కంచె పట్టుకుని పావుగంట చూసింది, ఉత్త నోటితో తనూ నమిలింది. అలాంటప్పుడు "పద, ఇంకా చాలా ఉన్నాయి" అని లాక్కెళ్లొద్దు.

ఫామ్ తెరవగానే వెళ్లండి. జనం తక్కువుంటారు, పిల్లలకీ ఓపిక ఉంటుంది. నిద్రవేళకి ముందే బయటపడండి. కాలివేళ్లు కప్పే బూట్లు, మురికైనా పర్లేదనుకునే బట్టలు వేయండి. రిబ్బన్లు వేలాడే గౌను మాత్రం వద్దు. ఒకసారి మా అమ్మాయి రిబ్బన్ మేక నోట్లోకి వెళ్లింది. ఆ రోజంతా పిల్ల మళ్లీ మేకలవైపు చూడలేదు.

మేత పెట్టాలంటే అరచెయ్యి బల్లపరుపుగా చాపాలి, బొటనవేలు పక్కకి ఆనించి ఉంచాలి. వేళ్లతో పట్టుకుని అందిస్తే మేతతోపాటు వేళ్లూ నోట్లోకి వెళ్తాయి. నేను ముందు ఒకసారి పెట్టి చూపిస్తాను, తర్వాత పాప చేతికింద నా చెయ్యి పెడతాను. మేకకి పై ముందుపళ్లు ఉండవు, పెదాలతో, నాలుకతో అందుకుంటుంది, పిల్లలకి చక్కిలిగింతలే. గుర్రానికి పైనా కిందా పళ్లుంటాయి, కరిస్తే గాయమే. అందుకని మా పిల్లల చేత గుర్రానికి మేత పెట్టించను. ఏ జంతువు దగ్గరికీ వెనకనుంచి వెళ్లనివ్వకండి. కుందేలుని పిల్లల చేత ఎత్తించకండి, గింజుకుంటే దాని వెన్ను విరగొచ్చు. పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి, మెల్లగా నిమరనివ్వండి చాలు. పిల్లలు భయపడితే ఎత్తుకుని దూరంనుంచే చూపించండి. "ఏం కాదు, ముట్టుకో" అని బలవంతం చేయొద్దు.

చేతుల విషయంలో మాత్రం నేను అస్సలు రాజీపడను. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న జంతువు పేడలోనూ ఈ.కోలై లాంటి క్రిములు ఉండొచ్చు. వాటిలో కొన్ని రకాలు ఐదేళ్లలోపు పిల్లల కిడ్నీలను దెబ్బతీయగలవు. కంచెలూ గేట్లూ ముట్టుకున్నా సరే, సబ్బుతో, పారే నీళ్ల కింద 20 సెకన్లు కడగాలి. జంతువుల దొడ్డినుంచి బయటికి రాగానే ఒకసారి, తినేముందు ఒకసారి, బూట్లు విప్పాక మరోసారి. శానిటైజర్ సరిపోదు. మురికిని వదిలించదు, క్రిప్టోస్పోరిడియం అనే క్రిమిని చంపదు. పాలసీసా, నోటిపీక, బొమ్మలు బ్యాగులో పెట్టి జిప్పు వేశాకే లోపలికి వెళ్తాం. జంతువుల దగ్గర ఏమీ తినిపించను. మా బాబుకి బొటనవేలు చీకే అలవాటుంది కాబట్టి దొడ్డిలో ఉన్నంతసేపూ వాడు నా చంకలోనే, చూడటమే తప్ప తాకడం లేదు.

మీతో గర్భిణులుంటే, ఈనే కాలంలో గొర్రెలకీ అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలకీ దూరంగా ఉండమనండి. వాటినుంచి సోకే ఇన్ఫెక్షన్లు కడుపులో బిడ్డకి ప్రమాదం.

ఇంటికొచ్చాక రెండు వారాల్లో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే, ముఖ్యంగా రక్తం కనబడితే, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఫామ్‌కి వెళ్లొచ్చారని ఆయన అడక్కముందే చెప్పండి.