స్టూడియో కొనుగోలు గిట్టిందా లేదా: లెక్క తేల్చే పద్ధతి

ఏ కన్సోల్ కంపెనీ (టీవీకి తగిలించి గేములాడే పెట్టెలు అమ్మేది) అయినా ఒక గేమ్ స్టూడియోని, అంటే గేములు తయారుచేసే సంస్థని, కొన్నట్టు వార్త వస్తే చాలు, మా అక్క కొడుకు, వాడి స్నేహితులు ఆ రాత్రే తీర్పు చెప్పేస్తారు. నేను అనంతపురం మార్కెట్ యార్డులో ఒక చీనీ (బత్తాయి) మండీలో గుమాస్తాని. పగలంతా జమా ఖర్చులు, రాత్రి కంట్రోలర్. "నువ్వు చెప్పు మామా, లాభమా నష్టమా?" అని వాళ్లు అడిగినప్పుడల్లా ముందు పేజీ రాయమంటాను. ఆ పేజీ ఎట్లా రాయాలో చెప్తాను. ఉదాహరణకి రేర్ అనే స్టూడియోని తీసుకుందాం. దాన్ని చాలామంది కళ్లు మూసుకుని నష్టం కింద రాసేస్తారు కాబట్టి.

పేజీ పైన ఎవరు, ఎప్పుడు, ఎంతకి అన్నది రాయండి. 2002 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ బ్రిటన్‌లోని రేర్‌ని 37.5 కోట్ల డాలర్లకి కొంది. అప్పటి రేటుకి సుమారు 1,800 కోట్ల రూపాయలు. అందులో 49 శాతం వాటా అప్పటిదాకా ఇంకో కన్సోల్ కంపెనీ నింటెండోది. ధర దగ్గర ఇంతకంటే ఆగొద్దు. అది ఎక్కువో తక్కువో పేజీ నిండాక తెలుస్తుంది.

అసలు పని తర్వాతది. చేతికి ఏం వచ్చింది? చీనీ తోట కొనేటప్పుడు కొమ్మ మీది కాయని చూసి మురిసిపోకూడదు. బోరులో నీళ్లెన్ని, చెట్ల వయసెంత, తోట చూసే మనిషి ఉంటాడా పోతాడా అన్నది చూడాలి. ఇక్కడా అంతే, పేర్ల హక్కులు వేరు, మనుషులు వేరు. రెండింటికీ విడి గళ్లు గీయండి. రేర్‌కి పేరు తెచ్చినవాటిలో డాంకీ కాంగ్ నింటెండో సొత్తు, గోల్డెన్‌ఐ బాండ్ సినిమా మీద కట్టిన గేమ్. ఆ రెండూ మైక్రోసాఫ్ట్‌కి రాలేదు. బాంజో, పర్ఫెక్ట్ డార్క్, కాంకర్ వచ్చాయి. ఇక మనుషుల గడి. గోల్డెన్‌ఐ తీసినవాళ్లలో ముఖ్యులు కొందరు 1999 నాటికే బయటికెళ్లి ఫ్రీ రాడికల్ పెట్టుకుని టైమ్‌స్ప్లిటర్స్ తీశారు. అంటే సంతకాలయ్యే రోజుకే ఆ గడిలో కొంత ఖాళీ ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు నాటీ డాగ్ స్టూడియో. 2001లో సోనీ కొన్నప్పుడు వాళ్ల పెద్ద గేమ్ క్రాష్ బాండికూట్ పేరు హక్కు యూనివర్సల్ కంపెనీ దగ్గరే ఉండిపోయింది. సోనీకి దక్కింది మనుషులు. వాళ్లే జాక్ అండ్ డాక్స్టర్, అన్‌చార్టెడ్, ద లాస్ట్ ఆఫ్ అస్ తీశారు. ఒక్క గడే ముఖ్యమంటే నేను మనుషుల గడినే చూస్తాను.

ఇప్పుడు కొన్న తేదీ దగ్గర అడ్డంగా గీత గీసి, పైన పాత గేములు, కింద కొత్త గేములు సంవత్సరాలతో రాయండి. ఇక్కడ పిల్లలు ఎక్కువగా తడబడతారు. ఇన్సామ్నియాక్ స్టూడియోని సోనీ 2019లో 22.9 కోట్ల డాలర్లకి కొంది. "స్పైడర్ మ్యాన్ ఒక్కటి చాలదా మామా?" అంటారు. ఆ గేమ్ 2018ది, గీతకి పైన ఉంటుంది. కొనకుండానే అది సోనీ కన్సోల్ ప్లేస్టేషన్‌కి వచ్చింది, దాన్ని కొనుగోలు ఖాతాలో జమ చేయకూడదు. కింద రాయాల్సినవి మైల్స్ మొరాలెస్, రిఫ్ట్ అపార్ట్, 2023లో స్పైడర్ మ్యాన్ 2. ఇదే స్టూడియో 2014లో సన్‌సెట్ ఓవర్‌డ్రైవ్‌ని మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌కి చేసింది. ఇకమీదట అట్లా జరగదన్న భరోసా కూడా సోనీ కట్టిన సొమ్ములో ఉంది. ఆ ధరకి ఇన్ని వచ్చాయంటే చాలా చవక బేరం అన్నదే నా మాట.

రేర్ గీత కింద 2003లో గ్రాబ్డ్ బై ద ఘౌలీస్, 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటే కమియో, పర్ఫెక్ట్ డార్క్ జీరో, 2006లో వివా పిన్యాటా, 2008లో బాంజో నట్స్ అండ్ బోల్ట్స్. 2007లో స్థాపకులైన స్టాంపర్ సోదరులు వెళ్లిపోయారు. 2010లో కినెక్ట్ స్పోర్ట్స్. ఆడేవాళ్ల కదలికలు చూసే కినెక్ట్ అనే కొత్త కెమెరాకి వెంటనే ఒక గేమ్ కావాల్సి వచ్చింది, రేర్ చేసిచ్చింది. ఆ అవసరం తీర్చినందుకు జమ వేయండి, మీకు ఆ గేమ్ నచ్చకపోయినా సరే. 2018లో సీ ఆఫ్ థీవ్స్. కోట్లమంది ఆడారు, 2024లో ప్లేస్టేషన్ 5కి కూడా వచ్చింది. 2010లో లెక్క మూసినవాడికి నష్టం కనిపిస్తుంది. సీ ఆఫ్ థీవ్స్ దాకా ఓపిక పట్టినవాడికి కనిపించే పేజీ వేరు. ఒక పెద్ద గేమ్‌కి ఐదారేళ్లు పట్టే కాలంలో రెండేళ్లకే తీర్పు చెప్పడం అన్యాయం.

అయితే ఓపికకీ హద్దుంది. ఫైర్‌వాక్ స్టూడియోని సోనీ 2023లో కొంది. వాళ్ల గేమ్ కాంకార్డ్ 2024 ఆగస్టులో వచ్చి రెండు వారాల్లోనే ఆగిపోయింది, అక్టోబరులో స్టూడియోనే మూసేశారు. ఆ ఖాతా ముగిసింది, ఎదురుచూడ్డానికి ఏమీ లేదు.

వేరే కన్సోల్‌లో అమ్ముడైతే నష్టమని అనుకోకండి. మైన్‌క్రాఫ్ట్ కోసం మొజాంగ్‌ని మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకి కొని, అన్ని చోట్లా అమ్మడం ఆపలేదు. 2023 నాటికి 30 కోట్ల కాపీలు దాటాయి.

చివరి గడి చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అదీ ముఖ్యమే. ఎవరికి గిట్టింది? బంగీ అనే స్టూడియోకి సోనీ 2022లో 360 కోట్ల డాలర్లు పెట్టింది. అందులో దాదాపు 120 కోట్లు ఉద్యోగులు వెళ్లిపోకుండా ఉంచడానికే. 2023లో కొందరిని, 2024లో మరో 220 మందిని తీసేశారు. నిలుపుకోడానికి అంత పెట్టి, ఆ మనుషులనే పంపేస్తే ఆ పద్దుని ఏ వైపు రాయాలి? నేను ఖర్చు వైపే రాస్తాను. మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న టాంగో గేమ్‌వర్క్స్ స్టూడియో 2023లో హై-ఫై రష్ గేమ్ ఇచ్చింది, ఆడినవాళ్లు మెచ్చుకున్నారు, మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోని మూసేస్తున్నట్టు చెప్పింది. తర్వాత క్రాఫ్టన్ అనే వేరే గేమ్ కంపెనీ ఆదుకుంది. మంచి పని చేసినవాళ్లకి ఇట్లా జరగడం నాకు చాలా బాధ. కంపెనీ పుస్తకంలో ఎట్లా రాసుకున్నా, ఆడేవాళ్లుగా మన పేజీలో దాన్ని నష్టమనే రాయాలి.

రేర్ పేజీ మొత్తం చూస్తే, మొదటి పదేళ్లు ధర ఎక్కువే, ఆ తర్వాత సీ ఆఫ్ థీవ్స్ వల్ల కోలుకుంది. కొన్నది 2002 నాటి పేరునైతే ఎక్కువ పెట్టారు, పనిచేసే చేతులనైతే గిట్టింది. మీ చేత్తో ఒకటి రాసి చూడాలనుకుంటే సైగ్నోసిస్ అనే స్టూడియోతో మొదలుపెట్టండి. 1993లో సోనీ కొంది, 1995లో వైపౌట్ వచ్చింది, 2012లో మూతపడింది. నేనైతే లాభం వైపు రాశాను. మా అక్క కొడుకు ఒప్పుకోవడం లేదు.